హాల్ టికెట్ నంబరే పాస్‌వర్డు

పక్కవాళ్ళ సంగతులు తెలియకపోతే నాకు అన్నం సయించదు. పుంగనూరులో మా ఇల్లు బజారు వీధిలో ఉండేది. ఎవరింటికి చుట్టాలొచ్చారు, ఎవరు ఎవరితో మాటలు మానేశారు, అన్నీ మా అరుగు మీదికే వచ్చి చేరేవి. అలాంటిదాన్ని, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో కుప్పంలో పీజీ చదువుకు చేరితే, అక్కడ నాకోసమే చేసిపెట్టినట్టు ఒక ఏర్పాటు కనిపించింది.

మాలో చాలామందికి అప్పటిదాకా మెయిల్ అంటే తెలియదు. కంప్యూటర్ ల్యాబులో ఉండే ఆయన అందరినీ కూచోబెట్టి తలా ఒక మెయిల్ తెరిపించాడు. "పాస్‌వర్డుకి ఇప్పటికి మీ హాల్ టికెట్ నంబరు కొట్టుకోండప్పా, తర్వాత మార్చుకుందురు" అన్నాడు. ఆ రెండో మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. హాల్ టికెట్ నంబరంటే పైనుంచి ఇచ్చింది, దాన్ని మనం మార్చడమేమిటి, మారిస్తే పరీక్ష రాయనిస్తారో లేదో అని మా భయం. పైగా ఆ నంబర్లు పేర్లతో సహా నోటీసు బోర్డు మీద అతికించే ఉండేవి. అంటే క్లాసులో ఎవరి మెయిలైనా ఎవరైనా తెరవొచ్చు.

తెరిచేవాళ్ళం కూడా. ల్యాబులో కంప్యూటర్లు తక్కువ, వంతు రావడం గగనం. అందుకని వంతు వచ్చినవాళ్ళు, అంగడికి పోతూ పక్కింటివాళ్ళకి కూడా ఉప్పు తెచ్చినట్టు, తమ మెయిలుతో పాటు స్నేహితుల మెయిళ్ళూ చూసొచ్చేవాళ్ళు. భోజనాల దగ్గర ఆ చివరి బల్ల నుంచి కేకేసేవాళ్ళు. "ఏమ్మే, మీయన్న రాసినాడు. బెంగుళూరులో రూము మారినాడంట. పండక్కి రాలేడంట." విన్నవాళ్ళు కోప్పడింది లేదు. చదివిపెట్టినందుకు మంచిమాటే చెప్పేవాళ్ళు. నా వంతు వస్తే నేను ఎందరివి చూసేదాన్నో అడక్కండి.

నా రూములో ఉండే అమ్మాయిది బైరెడ్డిపల్లె దగ్గర పల్లె. నాలాగే సోషల్ వర్క్ చదివేది. మాట తక్కువ, నవ్వు ఎక్కువ. వాళ్ళింట్లో ఆడపిల్ల ఇంత చదవడం అదే మొదలు. పరీక్షలు అయ్యేలోపల ఉద్యోగం చూసుకుంటే సరే, లేకపోతే ఇంటికొచ్చి మేనమామను చేసుకోవాలని పెద్దవాళ్ళు తేల్చి చెప్పారు. మేనమామ చెడ్డవాడేం కాదు, కాకపోతే ఈమెకు ఆ పెళ్ళి వద్దు. ఈ సంగతి క్లాసంతటికీ తెలుసు కాబట్టి ఆమె ఉద్యోగం మా అందరి ఉద్యోగమైపోయింది. ఎవరు ల్యాబుకి పోయినా ముందు ఆమె మెయిలే తెరిచేవాళ్ళు.

చిత్తూరులో ఒకచోటికి ఆమె దరఖాస్తు పెట్టింది. శని, ఆదివారాలు ఊరికి పోయి సోమవారం పొద్దున బస్సు దిగి, సంచి నిండా వేరుశనక్కాయలు మోసుకుని హాస్టల్ మెట్లెక్కుతోంది. మేమంతా ఎదురుపోయాం. ఒకామె సంచి అందుకుంది, ఇంకొకామె భుజం మీద చెయ్యేసింది. "పోనీలేమ్మే, ఇది కాకపోతే ఇంకొకటి. ఏడవొద్దు" అన్నాం. ఆమె నవ్వుతూనే "ఏది?" అని అడిగింది. చిత్తూరు వాళ్ళు కాదని రాసిన మెయిల్ మేమంతా అప్పటికే చదివేశాం, ఆమె ఇంకా చూడనే లేదు. మా ముఖాలు చూసి ఆమెకే అర్థమైంది. ఏడవలేదు. శనక్కాయలు అందరికీ పంచింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి నా వంతు వచ్చింది. అలవాటుగా ఆమె నంబరు కొట్టాను. తెరుచుకోలేదు. వేలు జారిందేమో అనుకుని మళ్ళీ కొట్టాను. ఊహూఁ. వాళ్ళ ఊరి పేరు కొట్టాను, వాళ్ళమ్మ పేరు కొట్టాను, నా పేరు కూడా కొట్టి చూశాను. ఏదీ పనిచేయలేదు. ఆ పూట నా సొంత మెయిల్ చూసుకోవడమే మర్చిపోయాను.

ఆమె పాస్‌వర్డు మార్చేసిందన్న సంగతి సాయంత్రానికి క్లాసంతా పాకిపోయింది. మనసులు నొచ్చుకున్నాయి. మనమేమన్నా పరాయివాళ్ళమా అని ఒకామె మూతి ముడుచుకుంది. ఎవడో ఉంటాడు, బెంగుళూరు వాడే అయ్యుంటాడని ఇంకొకామె ఖాయం చేసేసింది. మా క్లాసులో సదుం నుంచి వచ్చిన అబ్బాయైతే పెద్ద న్యాయం చెప్పినట్టు, "దాసిపెట్టేది ఏమీ లేకపోతే తాళం యాలప్పా? మా ఇంటికి పగలు గొళ్ళెం కూడా పెట్టం" అన్నాడు. అందరం తలలూపాం. నాకు మాత్రం కోపం కంటే కుతూహలమే ఎక్కువ. ఆ తాళం వెనక ఏముందో తెలియకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

హాస్టల్ వెనక ఆమె బట్టలు ఉతుకుతుంటే, నా బట్టలూ తీసుకుని పక్కన చేరి అడిగేశాను. "ఎవురమ్మే ఆ అబ్బాయి?"

ఆమె చేతిలో చీర అట్లాగే పట్టుకుని పకపకా నవ్వింది. "అబ్బాయా! యాడుండాడు? నువ్వే ఎతికి పెట్టు."

"మరి యాల మార్చినావు?"

నవ్వు ఆపి చీర పిండింది. "ఆ పొద్దు నేను బస్సు దిగితిని కదా. మీ అందరికీ తెలుసు, నాకే తెలీదు. మీరు ఓదారుస్తాండారు, నేను నవ్వుతాండాను. మంచిదైతే మీరే ముందు సూడండి, నాకేం లేదు. కాకుంటే మాత్రం నేనొక్కదాన్నే ముందు ఏడవాల. ఆ తర్వాతే మీరు రావాల."

నాకు ముఖం చెల్లలేదు. సబ్బు నురగలో చేతులు పెట్టి ఉతికిన రవికనే మళ్ళీ ఉతికాను.

మదనపల్లెలో మిషన్ కాంపౌండులో ఒక చిన్న సంస్థ ఉండేది. పల్లెల్లో తల్లులకి, పిల్లలకి ఆరోగ్యం గురించి చెప్పే పని. ఆమె ఇంటర్వ్యూకి పోయొచ్చింది. ఏ సంగతైనా మెయిల్లోనే చెప్తామన్నారట. అప్పటికి పరీక్షలు దగ్గరపడ్డాయి. మిగిలిన ఆశ అదొక్కటే. ఇప్పుడు ఆమె మెయిల్ చూసేది ఆమె ఒక్కతే కాబట్టి మాకు ఆమె ముఖం చూడ్డం తప్ప దారి లేదు.

ఒక శుక్రవారం పొద్దున ఆమె ల్యాబులోకి పోయింది. నేను బయట స్తంభానికి ఆనుకుని, చెప్పుల బకిల్ సరిచేసుకుంటున్నట్టు నిలబడ్డాను. బయటికొచ్చింది. ముఖం కడుక్కుని ఉంది. ఏడ్చిందనే అనుకున్నాను. అడగడానికి నోరు తెరిచి మూసుకున్నాను. అంత కష్టం నేను ఏ పరీక్షకీ పడలేదు. ఆమె క్లాసులో కూచుని నోట్సు రాసుకుంది. మధ్యాహ్నం సాంబారన్నం తిని మజ్జిగ అడిగి పోయించుకుంది. మేమంతా ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. రాలేదు, అందుకే ఇట్లా ఉండాది అని గుసగుసలు పోయాం. ముందు ఏడవనీ, తర్వాత పోదామని నేనే అందరినీ ఆపాను.

పొద్దు వాలాక ఆమె రూములోకి వచ్చి మంచం మీద కూచుంది. "వచ్చింది" అంది. "మొదటి తేదీకి మదనపల్లెలో చేరమన్నారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "మంచిదైతే మమ్మల్నే ముందు సూడమంటివే! పొద్దన్నుంచీ ఎట్ల కడుపులో పెట్టుకుంటివి? ఈడ మేము సచ్చిపోతాండాం!"

అంతకుముందు ఒకసారి నేను ఆమెతో వాళ్ళింటికి పోయాను. ఒకటే గది. అవ్వ, తాత, తమ్ముళ్ళు, అందరూ అందులోనే. ఈమె బట్టలు కూడా తమ్ముళ్ళ బట్టల మధ్యే ఉండేవి.

"అట్లే అనుకున్నాను" అంది, కాళ్ళు ముడుచుకుని. "సూసినాక చెప్పబుద్ధి కాలేదు. నాదని ఒకటి నా దగ్గర ఎప్పుడూ లేదమ్మే. సాయంత్రం దాకా ఉంచుకున్నాను."