అంట మాస్టరు

కుప్పం రైల్వే స్టేషను ఎదురుగా ఉన్న టిఫిన్ హోటల్లో, పొద్దున్నే ఓనరు తడిగుడ్డతో నల్లబోర్డు తుడుస్తాడు. నిన్నటి ‘ఈ దినం స్పెషల్’ చెరిగిపోతుంది. తడిసిన సుద్ద వాసన సాంబారు వాసనను దాటుకుని నా బల్ల దాకా వస్తుంది. వాన పడ్డ పాత గోడ వాసన, కాస్త చేదు కలిసి. అది వచ్చిన పొద్దు నా ఇడ్లీ ఆరిపోతుంది. నాకది పుంగనూరు బజారు వీధిలో చెంగప్ప మాస్టరు బోర్డు తుడిచే వాసన. ఆయన గురించి రాయాలని చాలాసార్లు కూర్చున్నాను. ప్రతిసారీ కోపంతో మొదలుపెట్టి, ఎవరి మీద కోపమో తేలక లేచిపోయాను. ఈసారి తేలకపోయినా రాస్తాను.

చెంగప్ప మాస్టరుది టైపు ఇన్‌స్టిట్యూట్. ఇంటరు చదివే రోజుల్లో అక్కడ టైపు నేర్చుకున్న ఆడపిల్లల్లో నేనొకదాన్ని. తర్వాత మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి, వాటి పక్కన జిరాక్సు వచ్చింది. మారనిది గుమ్మం పక్కన వేలాడే నల్లబోర్డు ఒక్కటే. రోజూ పొద్దున దాని మీద ఆయన రెండు వరుసలు రాసేవారు. పై వరుసలో ఆ రోజు పత్రికలో వచ్చిన సైన్సు వార్త ఒకటి, శుద్ధమైన పత్రికా భాషలో, ఏ పత్రికలోదో పేరుతో సహా. కింది వరుస ఆయన సొంతం. ‘చంద్రుడి మీద నీటి జాడలు ఉన్నట్టు నిర్ధారణ’ అని పైన ఉంటే, కింద ‘పుంగనూరుకు ఇంక ట్యాంకరు ఆడినుంచే వస్తాదంట’ అని ఉండేది. ‘సూర్యుడి మీద పెరుగుతున్న మచ్చలు’ అంటే ‘మదనపల్లె టమాటాకు వచ్చిన తెగులే సూర్యుడికీ అంటుకునిందంట’. అంగారకుడి మీద దుమ్ము తుపాను లేచిన రోజున, మన రోడ్డు కాంట్రాక్టరు ఇప్పుడు అక్కడ పని పట్టినాడంట అని రాశారు. ఆ కాంట్రాక్టరే వచ్చి చదువుకుని, నవ్వాలో తిట్టాలో తెలియక టీ తాగి పోయాడు.

వీధి ఆ బోర్డు దగ్గర ఆగేది. పాల క్యాన్లతో పోయేవాళ్ళు ఒక కాలు నేల మీద పెట్టి మోపెడ్ల మీదనుంచే చదివేవాళ్ళు. చదవలేనివాళ్ళు పక్కవాళ్ళ చేత చదివించుకునేవాళ్ళు.

“ఏం సార్, ఈ పొద్దు చంద్రుడు ఏమంటాడు?”

“నీళ్ళుండాయంటాడప్పా.”

“ఆడన్నా ఉండాయిలే. పిల్లనిచ్చేటోళ్ళు ఇంక ఆడి సంబంధమే సూడాల.”

కింది వరుస ఎప్పుడూ ‘అంట’తోనే ముగిసేది. అది ఆయన పెట్టుకున్న నియమం. పై వరుసకు చెప్పినవాడున్నాడు, వాడి పేరుంది. కింది వరుసకు లేడు. ఆ తేడా మనిషి కంటికి కనబడాలని ఆయన పట్టుదల. “మన భాషలో ఇంతకంటే పెద్ద దొంగమాట లేదు మ్మే,” అనేవారు నాతో. “అంట అంటే సాలు, సెప్పినోని నెత్తిన బరువుండదు. నేను సూసినా అనడు, నేను అన్నా అనడు. గాలిలోనించి పట్టుకొచ్చి నీ సేతిలో పెట్టి పోతాడు.” బజారు వీధిలో చిన్నపిల్లలకు కూడా తెలిసిపోయింది: బోర్డు మీద అంట కనబడితే అది సారు ఎగతాళి. అందుకే ఆయనకు ‘అంట మాస్టరు’ అని పేరు పడింది. ఆ పేరంటే ఆయనకు మహా ఇష్టం.

నన్ను వాదనలోకి దింపింది ఆయనే. మదనపల్లెలో ఒక కాలేజీలో వక్తృత్వ పోటీ పెడితే, మా నాన్నను ఒప్పించి నన్ను బస్సెక్కించి ఆయనే తీసుకుపోయారు. మూఢనమ్మకాన్ని సైన్సు అంతం చేయగలదా అన్నది విషయం. చేసి తీరుతుందని నేను నిప్పులు కురిపించాను. చప్పట్లు మోగాయి, స్టీలు గ్లాసు ఇచ్చారు. తిరుగు బస్సు టమాటా మండీ దాటింది. మాస్టరు అడిగారు.

“పల్లెల్లో జనం గ్రహణమంటే వణికిపోతాండారంట అన్నావే. ఎవురు సెప్పినారు నీకు?”

“అందరూ అనేదే కదా సార్.”

“మా అక్క సోమల పక్కన పల్లెలో ఉండాది. గ్రహణం పొద్దు పేడ ఎత్తతా ఉంటాది. ఆవుకు గ్రహణమేందిరా, అది ఎప్పుడైనా ఏస్తాది, నేను ఎప్పుడైనా ఎత్తాల అంటాది. ఆమెను అడిగినావా?”

“లేదు సార్.”

“అడక్కుండానే అనేసినావు. ఇంక నీకూ సిలక జోస్యమోనికీ తేడా యాడుండాది? వానికి సిలకన్నా ఉండాది.” కిటికీ అద్దం మూస్తూ అన్నారు: “ఎవురన్నారు అని అడుగు మ్మే. ప్రతిదానికీ అడుగు. నేను సెప్పినా అడుగు.”

ఆ తర్వాత నేను రాసిన ప్రతి వ్యాసం వెనుకా ఆ బస్సు మాట ఉంది. కుప్పంలో పాఠాలు చెప్పుకుంటూ, బాబాల మీద, వాస్తు పేరు చెప్పి ఇళ్ళు పడగొట్టించేవాళ్ళ మీద, పంచాంగం చూసి ఆపరేషను ముహూర్తం పెట్టుకునే డాక్టర్ల మీద రాశాను. తిట్లు తిన్నాను. తిట్లు తినడం తేలిక. ఎదుటివాడు నమ్ముతాడు, మనం నమ్మం, గెలుపోటములు కనబడతాయి. సమాచారం లేకనే మూఢత్వం బతుకుతోందని, ప్రతి చేతికీ సమాచారం అందితే అది ఊపిరాడక చస్తుందని మేమంతా వేదికల మీద చెప్పాం. ప్రతి చేతికీ అందింది. చచ్చింది అది కాదు.

కొన్నేళ్ళ కిందటి మాట. పశువులకు ఒంటి నిండా గడ్డలు లేచే జబ్బు ఎక్కడెక్కడో ఉందని వినబడుతున్న ఎండాకాలం. ఆవుల చెవులకు పసుపుపచ్చ ట్యాగులు వేస్తున్నారు. మాస్టరు పై వరుసలో ‘చెవి ట్యాగు నంబరుతో ప్రతి పశువు వివరాలూ కంప్యూటరులో నమోదు’ అని రాశారు. కింద, ‘ఇంక ఉపగ్రహం పైనుంచే పాలు పిండుకుంటాదంట’. వీధి ఎప్పటిలాగే నవ్వింది. “అయితే సార్, దూడను కట్టేసేది యాడ? మబ్బులకా?” అని ఒక పాలాయన అడిగితే మాస్టరే పడి పడి నవ్వారట. ఈ ‘అట’కు మనిషి ఉన్నాడు; ఆ పాలాయనే నాకు చెప్పాడు.

జిరాక్సుకు వచ్చినవాళ్ళెవరో ఆ బోర్డు ఫోటో తీశారు. ఎవరో చివరిదాకా తెలియలేదు. పై వరుస కత్తిరించి, కింది వరుస మాత్రం మిగిల్చి, దానికి ఏడుపు సంగీతం, వణికే గొంతు తగిలించి వీడియో చేశారు. ‘పుంగనూరు సైన్సు మాస్టరు ధైర్యంగా బయటపెట్టిన నిజం’ అని అది ఫోన్లలో తిరిగింది. ఆయన జీవితంలో సైన్సు చెప్పలేదు, టైపు నేర్పారు. మొదటి రోజు నాకు ఫోను చేసి ఒకటే నవ్వు: “మ్మే, నేను సైంటిస్టు అయినానంట!”

నవ్వు ఎక్కువ కాలం నిలవలేదు. ఆ ఏడు మేత లేక ఊరూరా పాలు తగ్గాయి. తగ్గిన పాలు ఎక్కడికి పోయాయో వీడియో చెప్పింది. సోమల వైపు పల్లెల్లో ట్యాగులు కోసేస్తున్నారని తెలిసి మాస్టరు బోర్డు మీద, మొట్టమొదటిసారి ఒకే వరుస రాశారు: ‘ట్యాగు సంగతి నేను ఎగతాళికి రాసింది. ఎవరూ నమ్మవద్దు.’ దాని ముందు ఆటో ఆపి ఒకడు చదివాడు. లోపలికొచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

“ఇది ఎవురు రాయించినారు సార్?”

“నేనే రాసినానప్పా.”

“సరేలే సార్. మీ కష్టం మీకుంటాది.”

మరుసటి రోజు మాస్టరు నన్ను రమ్మన్నారు. “నువ్వు మాటకు గట్టిదానివి, నాతో రా,” అన్నారు. ఇద్దరం సోమల బస్సెక్కి వాళ్ళక్క ఊరికి పోయాం. గడ్డల జబ్బు రాకుండా సూది మందు వేసేవాళ్ళు ఆ వారంలో వస్తున్నారు. వస్తే పశువులను గుట్ట మీదికి తోలేయాలని ఊరు నిర్ణయించుకుని ఉంది. సూదితో పాటు మళ్ళీ ట్యాగు వేస్తారు కదా. పాల కేంద్రం అరుగు మీద నేను నా వాదనంతా వినిపించాను. ట్యాగంటే ప్లాస్టిక్కు ముక్క, అందులో నంబరు తప్ప ఏమీ లేదన్నాను. మర్యాదగా విన్నారు. మాస్టరు లేచి, అది రాసింది నేనే, నవ్వులాటకు రాసినాను, నా మాట వినండప్పా అన్నారు. ఎవరూ ఎదురు చెప్పలేదు. ఒక పెద్దాయన తువ్వాలు దులుపుకుంటూ, “సారును ఎవురో గట్టిగానే పట్టుకున్నట్టుండారు, పాపం,” అని లేచిపోయాడు. నేను వందసార్లు వాదించి ఓడించిన మొండితనం కాదది. వాళ్ళు ఆయన మీద జాలిపడ్డారు. జాలితో ఎలా వాదించాలో నాకు ఎవరూ నేర్పలేదు.

వాళ్ళక్క పేరు లచ్చుమమ్మ. గ్రహణం పొద్దు పేడ ఎత్తే మనిషి. కొట్టంలో ఒకటే సీమావు, ఎర్రది. ఎడమ చెవిన ట్యాగు ఉండాల్సిన చోట చీలిక, దాని చుట్టూ పసుపు పూసి ఉంది. ఊళ్ళో మొదట కోసింది ఆమే. ఆమెను చూసి మిగతావాళ్ళు కోశారు.

“ఎందుకు కోసినావు అక్కా?” అన్నారు మాస్టరు.

“నువ్వు రాసినావు కాబట్టే కోసినా. ఇంగెవుడన్నా అనింటే నేను నమ్ముతానా? పీక్కోరా నాయనా అనింటా.”

“అది ఎగతాళి అక్కా.”

“ఎగతాళికి బోర్డు మింద రాస్తారా ఎవురైనా?” ఆమె తమ్ముడి చెయ్యి పట్టుకుని కొట్టం లోపలికి లాగింది. “సెంగా, కేసు పెడతామన్నారా? నాకన్నా నిజం సెప్పు. నేను ఎవురితోనూ అనను.”

ఆయన నా వైపు చూశారు. తమ్ముడిని కాపాడుకోవడానికే ఆమె తమ్ముడి మాటను నమ్మడం మానేసింది. సూది మందు వేసేవాళ్ళు వచ్చిన రోజున ఆవును అందరికంటే ముందు గుట్ట ఎక్కించింది.

జబ్బు వచ్చింది. ఆవు పోయిందని కబురొస్తే మళ్ళీ ఇద్దరమే పోయాం. పూడ్చిన చోట మట్టి ఇంకా తడిగానే ఉంది. లచ్చుమమ్మ ఖాళీ కొట్టంలో గుంజకు ఆనుకుని కూర్చుని ఉంది. మాస్టరు ఆమె పక్కన నేల మీద కూర్చున్నారు. ఆమె ఎవరి వైపూ చూడకుండా అంది: “పక్క ఊర్లో సూది ఏయించినోళ్ళ ఆవులు బతికినాయంట.”

ఆయన తల పైకెత్తలేదు. ఒక్క మాట వినగానే ఎవరన్నారని అడిగే మనిషి ఆ రోజు అడగలేదు. పక్క ఊరు అక్కడే, చెరుకు తోట అవతల, కొట్టాలు కనబడుతున్నాయి. పోయి చూసుకోగలిగిన నిజం కూడా ‘అంట’గానే ఆమె దాకా వచ్చింది. ఎగతాళికి ఏ బరువో దానికీ అదే బరువు.

ఆ తర్వాత ఆయన బోర్డు రాయలేదు. మన నౌక చంద్రుడి మీద దిగిన మరుసటి పొద్దున నేను పుంగనూరులోనే ఉన్నాను. బోర్డు ముందు వీధి వీధంతా గుమికూడింది. పాలవాళ్ళు, ఆటోవాళ్ళు, స్వీట్లు పంచుతున్న పిల్లలు. “ఈ పొద్దన్నా రాయండి సార్, సంద్రుడప్పా!” అని ఒకటే గోల. మాస్టరు తడిగుడ్డతో బయటికొచ్చారు. ఏమీ లేని బోర్డును పైనుంచి కిందికి మెల్లగా తుడిచి, గుడ్డ పిండి, లోపలికి పోయారు. సుద్ద వాసన వచ్చింది. జనం కాసేపు నిలబడి, ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటూ కదిలిపోయారు. ఆ చలికాలంలో ఆయనకు పక్షవాతం వచ్చింది. కొంతకాలం మంచంలో ఉండి, ఇంట్లోనే పోయారు. ఇన్‌స్టిట్యూట్ గదిలో ఇప్పుడు ఫోను కవర్లు అమ్ముతున్నారు.

ఆయన నాకిచ్చిన ప్రశ్న నా దగ్గరే ఉంది. ఇంకా అడుగుతూనే ఉన్నాను, నలుగురూ విసుక్కునేటట్టు. దానికి జవాబు వస్తుందన్న నమ్మకం మాత్రం లేదు. మొన్న పొద్దున హోటలు ఓనరు బోర్డు తుడిచి, చేతులు తుడుచుకుని, ఫోను తెచ్చి నా ముందు పెట్టాడు. అదే సుద్ద రాత, అదే వణికే గొంతు. కొత్తగా పూలదండ వేసిన ఎవరిదో ఫోటో చేర్చారు. అది మాస్టరు ముఖం కూడా కాదు.

“సూడండి మేడమ్. పుంగనూరు సారంట. నిజం బయటపెట్టినాడని సంపేసినారంట.”

“ఎవరన్నారు?” అన్నాను.

“అందరూ అంటాండారు మేడమ్.”

ఆయన నాకు టైపు నేర్పిన మాస్టరని, అది ఎగతాళని, ఆయన తన ఇంట్లో తన మంచం మీద పక్షవాతంతో పోయారని, పోయే ముందు రోజు నేను ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నానని చెప్పాను. ఓనరు శ్రద్ధగా విన్నాడు. తల ఊపాడు. ఫోను తీసుకుని పక్క బల్ల దగ్గరికి పోయి, అక్కడ ఇడ్లీ తింటున్నాయన చెవిలో చెప్పాడు.

“ఆ మేడమ్‌కు ఆ సారు తెలుసంట.”