ఏడు నెలల జరం

యాభై దాటాక నేను అక్షరాలు నేర్చుకున్నాను. నేర్చుకున్నాక నోటుబుక్కులో మొదట రాసిన కథ ఫిలిప్పీన్స్ టీవీలో పగటిపూట వచ్చే ఒక అత్తాకోడళ్ళ సీరియల్‌ది. అందులో ఎంత తప్పు రాశానో తలచుకుంటే ఇప్పటికీ కూర కలుపుతూ ఒక్కదాన్నే నవ్వుకుంటాను.

దోహాలో మెసైమీర్ వైపు ఒక ఇంట్లో నేను వంట చేస్తాను. పిల్లలను చూసుకోవడానికి అదే ఇంట్లో ఒక ఫిలిప్పీన్స్ ఆమె ఉంది. నాకంటే పదేళ్ళు చిన్నది. ఆమెకు నా భాష రాదు, నాకు ఆమె భాష రాదు. కొంచెం హిందీ, కొంచెం అరబ్బీ, కొంచెం ఇంగ్లీషు కలిపి ఇద్దరం ఒక భాష చేసుకున్నాం. అది మా వంటింట్లో తప్ప ఇంకెక్కడా చెల్లదు.

వాళ్ళ దేశంలో మధ్యాహ్నం మూడైతే మాకు పొద్దున పది. ఆ వేళకు పిల్లలు బడికి, మేడం డ్యూటీకి పోయి ఉంటారు. ఆమె ఇస్త్రీ బల్లను వంటింట్లోకి లాక్కొచ్చి, ఫోన్‌ను పప్పు డబ్బాకు ఆనించి, "సిస్టర్, యల్లా!" అంటూ రమ్మని కేకేసేది. నేను ఉల్లిగడ్డలు ముందేసుకుని కూర్చునేదాన్ని. ఏడ్చినా నెపం ఉల్లిగడ్డల మీదికి పోయేది.

అది పాత సినిమా కథ. ఆమె పుట్టకముందు వచ్చిన సినిమా. వాళ్ళమ్మ ఎన్నిసార్లు చూసినా ఏడ్చేదట. రెండు గంటల సినిమాను సాగదీసి ఏడు నెలల సీరియల్ చేశారు. పెద్ద కొబ్బరితోట ఉన్న ఇంటి కొడుకు, చేపలమ్ముకునే ఆమె బిడ్డను పెళ్ళి చేసుకుని ఇంటికి తెస్తాడు. అత్తకు ఇష్టం లేదు. అంతే కథ. మిగిలిందంతా తలుపు చాటున నిలబడి వినడం, మెట్ల మీంచి పడడం.

అందులో ఒక సంగతి నాకు మొదటి రోజే పట్టుబడింది. ఇంట్లోకి ఎవరొచ్చినా ముందు అత్త దగ్గరికి పోతారు. వంగి ఆమె చెయ్యి తీసుకుని తమ నుదుటికి ఆనించుకుంటారు. కొడుకులు, బిడ్డలు, మనవలు, చుట్టుపక్కల పిల్లలు, అందరూ అంతే. ఆహా, ఈమె హస్తవాసి ఉన్న మనిషి, జ్వరం చూస్తుంది అనుకున్నాను. మా మేనత్త ఇలాంటిదే. నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం ఎంతుందో చెప్పేది. ఆమె ముట్టుకుంటేనే సగం తగ్గేది. సీరియల్లో కోడలు కూడా వంగి అత్త చెయ్యి అందుకోబోతుంది. అత్త చటుక్కున వెనక్కి లాక్కుంటుంది. పాట మొదలవుతుంది. కోడలు ఏడుస్తుంది. పాపం ఆ పిల్లకు లోపల జ్వరం పీడిస్తోంది, అత్త పంతం కొద్దీ చూడడం లేదు. నాకింకా ఎవరు చెప్పాలి? అర్థం కానివన్నీ మా ఫిలిప్పీన్స్ ఆమెను అడిగేదాన్ని. ఇది అర్థమైందనుకున్నాను కాబట్టి అడగలేదు.

శుక్రవారం నాకు సెలవు. ఉమ్ ఘువైలినాలో మనవాళ్ళు కొందరు ఆడవాళ్ళు కలిసి ఉండే ఫ్లాటుకు పోయేదాన్ని. అక్కడ ఒకామె హైదరాబాద్ ముస్లిం, బట్టలు కుడుతుంది. ఉర్దూ, తెలుగు రెండూ రాస్తుంది. మేమంతా ఆమెను ఆపా అంటాం. ఇంకొకామె జగిత్యాల దిక్కుది, బడి బస్సులో పిల్లలను ఎక్కించి దించే పని. వీళ్ళు కాక మరో ముగ్గురు నలుగురు వచ్చి పోతుండేవాళ్ళు. ఒక శుక్రవారం పొద్దు పోక సీరియల్ కథ చెప్పాను. పై వారం నేను చెప్పులు విప్పకముందే బస్సామె అడిగింది.

"అక్కా, ఆ పిల్లకు జరం తగ్గిందా?"

అప్పటినుంచి ప్రతి శుక్రవారం కథే. పుట్టిన ఇంట్లోనైనా, మెట్టిన ఇంట్లోనైనా, ఇక్కడ పనిలోనైనా ఇంకొకరు చెప్తే వినే మనిషినే నేను. నా మాట కోసం నలుగురు చప్పుడు చేయకుండా కూర్చున్నది ఆ ఫ్లాటులోనే. వారమంతా ఆ గంట కోసమే చూసేదాన్ని.

కాకపోతే శుక్రవారం వచ్చేసరికి సగం మరిచిపోయేదాన్ని. బస్సామె ఊరుకునే రకం కాదు.

"పోయిన వారం పెద్దకొడుకు పడవెక్కి పోయిండన్నవ్. ఇయ్యాల జైల్ల ఉన్నడంటున్నవ్. పడవల జైలుందా ఏంది?"

అందరూ నవ్వారు. ఆపా నవ్వలేదు. మిషన్ సొరుగులోంచి ఒక కొత్త నోటుబుక్కు తీసి నా ఒళ్ళో పెట్టింది.

"రాస్కో అక్కా, మర్శిపోవు."

"నాకు రాదు గదా ఆపా."

"వస్తది. జాకెట్ల ఆస్తీనులు కుట్టుడు రానోళ్ళకు నేర్పిన. అక్షరాలు నేర్పనా?"

బట్ట మీద గీతలు గీసే సుద్దతో నల్ల గుడ్డ మీద అక్షరాలు గీసి చూపేది. నేను దిద్దేదాన్ని. దులిపితే గుడ్డ మళ్ళీ ఖాళీ. మూడు నెలలకు తప్పులతోనైనా పేజీ నింపసాగాను. చూడకుండా రాయగలిగిన మొదటి మాట జరం. ప్రతి పేజీలోనూ ఉండేది మరి.

ఈలోగా బస్సామె ఆగలేక ఊళ్ళో వాళ్ళమ్మకు ఫోన్ చేసి ఆ పిల్ల జరం సంగతి చెప్పింది.

"అక్కా, మా అమ్మ జరం తగ్గాలని పోచమ్మకు సాక పోసి అచ్చింది. గల్ఫంత దుబాయే ఆమెకు, దుబాయ్ల ఆ పిల్లకు ఎట్లుందని రోజు అడుగుతున్నది."

"అది సీరియల్ అని చెప్పలేదా?"

"చెప్తే పోస్తదా?"

సీరియల్ ఆఖరి వారానికి వచ్చింది. అప్పుడు మా ఇంటి ఆమెను చూడడానికి వాళ్ళ అక్క కూతురు వచ్చింది. అల్ ముంతజాలో కొత్తగా పనికి చేరిన పిల్ల. వంటింటి గుమ్మంలోనే వంగి, చిన్నమ్మ చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకుంది. నేను గబగబా చేతులు కడుక్కుని పోయి ఆ పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగానే ఉంది. అయినా మంచిదని జ్వరం గోలీ, గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాను.

ఇద్దరూ నన్నే చూశారు. "వై మెడిసిన్, సిస్టర్?" అంది మా ఆమె.

నేను నా చెయ్యి నుదుటికి పెట్టి చూపించాను. ఫోన్ చూపించి, "ఆ పిల్లకు గూడ ఫీవర్ గదా" అన్నాను. ఆమెకు ఒక్క నిమిషం పట్టింది. తర్వాత ఇస్త్రీ బల్ల పట్టుకుని నవ్వుతూ అలాగే నేల మీద కూలబడింది.

"మాఫీ ఫీవర్, సిస్టర్! సెవెన్ మంత్స్, మాఫీ ఫీవర్! రెస్పెక్ట్! బ్లెస్సింగ్!"

మాఫీ అంటే అరబ్బీలో లేదని. అప్పుడు తెలిసింది. మనం కాళ్ళు మొక్కితే పెద్దవాళ్ళు దీవించినట్టు, వాళ్ళు పెద్దల చెయ్యి నుదుటికి ఆనించుకుని దీవెన తీసుకుంటారు. చెయ్యి ఇవ్వకపోతే నువ్వు మా ఇంటి మనిషివి కాదని చెప్పినట్టు. పాత సినిమాలో అత్త చచ్చేదాకా ఇవ్వదట. చనిపోయాక కోడలే ఆ చెయ్యి ఎత్తి నుదుటికి ఆనించుకుంటుందట. అది చెప్పేటప్పుడు ఆమె నవ్వు ఆగింది.

"ఇందుల గూడ అట్లనే చస్తదా?" అన్నాను.

"మాలూం నహీ, సిస్టర్."

ఆ మధ్యాహ్నం నోటుబుక్కు తెరిచి చూసుకున్నాను. ఏ పేజీ తిప్పినా జరమే. నా బతుకులో మొదటిసారి రాసింది మొత్తం తప్పు. ఇది చెప్తే వాళ్ళు నా మాట ఇంకెప్పుడు నమ్ముతారు? శుక్రవారం నా ఎదుట ఎవరు కూర్చుంటారు? నేర్పిన ఆపా ఏమనుకుంటుంది? జ్వరం తగ్గిందని ఒక్క మాట అంటే అందరికీ సంతోషం, పోచమ్మకు కూడా మంచి పేరు. అసలు సంగతి తెలిసిన మనిషికి తెలుగు రాదు. అలాగే చెప్పేద్దామని నిశ్చయించుకున్నాను.

కానీ ఆఖరి రోజు కథ వచ్చింది. అత్త మంచంలో ఉంది. కొడుకులు, మనవలు ఒక్కొక్కరే వచ్చి చెయ్యి తీసుకుంటున్నారు. కోడలు తలుపు దగ్గరే నిలబడింది. అడిగి అడిగి ఆమె మానేసింది. ముసలామె చెయ్యి ఎత్తి తలుపు వైపు చాపింది. ఆ చెయ్యి గాలిలో వణుకుతూ అలాగే ఉంది. అది తనకోసమని కోడలికి మొదట తెలియలేదు. తెలిశాక పరుగెత్తింది. ఈసారి పాట రాలేదు. మా ఆమె ఇస్త్రీ పెట్టె నిలబెట్టేసి నా భుజం గట్టిగా పట్టుకుంది. సినిమాలో జరగనిది సీరియల్లో జరిగింది.

దీన్ని జ్వరం కథగా ఎలా చెప్పను? అలా చెప్తే ఒక ముసలామె నుదురు ముట్టుకుని జ్వరం చూసింది, అంతే అవుతుంది. ఆ చెయ్యికి విలువే ఉండదు. ఇంత మంచి సంగతిని పాడు చేయడానికి నాకు మనసు రాలేదు.

శుక్రవారం అందరూ కూర్చున్నాక చెప్పాను. "ముందుగాల ఒక మాట. ఆ పిల్లకు జరం లేదు."

"తగ్గిందా!" బస్సామె రెండు చేతులూ జోడించింది.

"తగ్గుడు గాదు. అసలు రానే లేదు."

అక్క కూతురు సంగతి, గోలీ సంగతి, దీవెన సంగతి అన్నీ చెప్పాను. నోటుబుక్కు ఆపా ముందు పెట్టి, రాసింది మొత్తం తప్పేనన్నాను.

"అంటే మా అమ్మ ఉత్తగనే సాక పోసిందా?" అంది బస్సామె.

"ఉత్తగ ఎట్లయితది?" అంది ఆపా. "జరం రాలే గదా!"

ఫ్లాటు ఘొల్లుమంది. బస్సామె దిండు తీసి ఆపా మీద విసిరింది. ఆ నవ్వులు ఆగేదాకా కూర్చుని ఆఖరి రోజు కథ చెప్పాను. గాలిలో వణికిన చెయ్యి దగ్గరికి వచ్చేసరికి బస్సామె ముక్కు చీదుకుంది.

ఆపా నోటుబుక్కు తిప్పుతూ, "అయితే పెండ్లైన రోజు ఆ పిల్ల చెయ్యి అడిగింది జరానికి గాదు" అంది.

"కాదు."

"చేపలమ్మే తల్లి సచ్చిపోయిన రోజు గూడ అడిగింది గదా?"

"అడిగింది."

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళ కళ్ళ ముందు కథంతా వెనక్కి తిరుగుతున్నట్టుంది.

"ఇట్ల గాదు," అంది బస్సామె. "మల్ల మొదటికెళ్ళి చెప్పు."

"ఏడు నెలల కథనా?"

"జరం తీసేసి చెప్పు."

ఆపా నోటుబుక్కు నా చేతికిచ్చి పెన్ను అందించింది. మొదటి పేజీలో జరం అన్న మాట వెతికి కొట్టేశాను. పైన దీవెన అని రాద్దామని కూడబలుక్కుంటున్నాను. బస్సామె గబుక్కున లేచి వంటింటి వైపు పోయింది.

"నేను చాయ్ వెట్టి అచ్చేదాక మొదలువెట్టకు అక్కా, నీ బాంచెన్!"