పచ్చచేతుల పెళ్ళిచూపులు

ఆ రోజుల్లో మా ఏలూరు వైపు పచ్చ అన్న ఒక్క మాటతో సంసారాలు గడిచిపోయేవి. అరటాకూ పచ్చే, అందులో వడ్డించిన పులిహోరా పచ్చే. కాగని పాలు పచ్చివి, మా పెద్దమ్మ చెప్పే అబద్ధాలు పచ్చివి. పురిటి మంచం దిగని పిల్ల పచ్చి బాలింత, ఆ పిల్లను పెద్దలు దీవించేది పచ్చగా ఉండమని. అలిగినవాళ్ళు పచ్చి మంచినీళ్ళయినా ముట్టరు. పొడిపించుకున్న బొట్టు చూడ్డానికి నీలంగా ఉన్నా సరే, దాని పేరు పచ్చబొట్టే. (ఇప్పుడు మా అబ్బాయి గోడలకు రంగు ఎంచుతూ ఫోనులో లెక్కలేనన్ని పచ్చలు చూపిస్తున్నాడు. నా కంటికి అన్నీ ఒకే పచ్చగా ఉన్నాయి.) ఇంత ఉదారమైన మాట నా ఒక్కడి దగ్గరికి వచ్చేసరికి ఒకే ఒక్క అర్థం పట్టుకుని కూర్చుంది. కామెర్లు.

అప్పుడు నేను ఏలూరులో తివాచీలు నేయించే చోట గుమాస్తాను. "ఫ్యాను కింద కూర్చుని చేసే ఉద్యోగమండీ" అని పెద్దమ్మ గణపవరం అవతల చేపల చెరువుల మధ్య ఉన్న ఓ ఊరి సంబంధం వాళ్ళకు చెప్పింది. (ఫ్యాను ఉన్నమాట నిజమే. తిరిగేది కాదు.) అమ్మాయి ఫొటో చూసిన దగ్గర్నుంచీ ఈ సంబంధం తప్పిపోతే నేనేమైపోతానో అని నాకే నామీద జాలి వేసేది. పెళ్ళిచూపుల ముందురోజు ఆ సంతోషంలో ఒళ్ళు తెలియక రంగుల షెడ్డులోకి వెళ్ళాను. రంగు తొట్టిలోకి జారిపోతున్న ఉన్ని దారాల చిలపను చూసి, ఊరుకోలేక రెండు చేతులా పట్టుకుని పైకి లాగాను. ఉన్నికి పట్టవలసిన పసుపుపచ్చ నా చేతులకు పట్టింది. రంగుల మేస్త్రిగారు నా అరచేతులు తిప్పి చూసి, "భలే పట్టిందండీ! ఇది ఎండకీ వెలవదండీ, వానకీ వెలవదండీ" అని మురిసిపోయారు. సబ్బు, చింతపండు, కిరసనాయిలు అన్నీ అయ్యాయి. రంగు మారలేదు, నా వాసన మారింది.

మర్నాడు బస్సులో పెద్దమ్మ దారి పొడుగునా ఒకటే పాట. "చేతులు మూసుకుని కూర్చో. రంగు తొట్టి ఊసెత్తావంటే నా ఫ్యాను మాట గాలికి పోతుంది." పాపం, ఆవిడ మాట ప్రకారం పిడికిళ్ళు బిగించుకునే వాళ్ళ వసారాలో కూర్చున్నాను. ఇంతలో అమ్మాయి బూరెలూ మిరపకాయ బజ్జీలూ ఉన్న పళ్ళెం తెచ్చి అందించింది. పిడికిళ్ళతో పళ్ళెం అందుకునే విద్య నాకు రాదు. చేతులు తెరిచాను. అమ్మాయి చూసింది. వాళ్ళ నాన్నగారు చూశారు. వాళ్ళ మామ్మగారు చూసి ఊరుకోలేదు. లేచివచ్చి, నా గడ్డం పట్టుకుని, కింది కనురెప్ప లాగి వెలుతురుకు తిప్పారు. ఆ ఊళ్ళో కామెర్లకు మందిచ్చేది ఆవిడేనట.

"కళ్ళకింకా ఎక్కలేదురా అబ్బాయ్. అరచేతుల దగ్గరే పట్టుకున్నాం" అన్నారు కొడుకుతో.

"అబ్బే, కామెర్లు కాదండీ..." అని పెద్దమ్మ అందుకుని, తొట్టి గుర్తొచ్చి ఆగిపోయింది.

"మరేంటమ్మా?" అన్నారు మామ్మగారు.

పెద్దమ్మ నన్నోసారి చూసింది, పళ్ళేన్నోసారి చూసింది. "అంటే... నాల్రోజుల్నుంచీ కాస్త నీరసంగానే ఉన్నాడండీ" అంది.

బజ్జీలు నా ఒళ్ళోంచి లేచి లోపలికి వెళ్ళిపోయాయి. వాటి బదులు నేలవుసిరి పసరు మజ్జిగలో కలిపి గ్లాసు నిండా వచ్చింది. అమ్మాయి గుమ్మంలో నిలబడి చూస్తోంది కదా, చిరునవ్వు చెదరకుండా మొత్తం తాగేశాను. వాళ్ళ నాన్నగారు గొంతు సవరించుకుని, "ముందు ఒంట్లో నెమ్మదించనివ్వండి. తర్వాత కబురు చేస్తాం, తొందరేముందండీ" అన్నారు. ఆ మాటకు అర్థం మా వైపు ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. పెద్దమ్మ చెప్పుల కోసం వెతుక్కోవడం మొదలుపెట్టింది. నా గుండె పసరు వెంటే కిందికి జారింది.

"మామ్మా, కామెర్లు చొక్కాలక్కూడా వస్తాయేంటి?" గుమ్మంలోంచి వినిపించింది.

అందరూ నా తెల్లచొక్కా జేబు చూశారు. బస్సు టికెట్టు దాచుకున్నప్పుడు చెమట చేతుల వేళ్ళన్నీ అక్కడ పచ్చగా అచ్చుపడి ఉన్నాయి. మేస్త్రిగారు ఎండా వానా అన్నారే గాని, చెమట మాట అనలేదు. ఇక దాచేదేముంది, ఉన్నీ తొట్టీ అన్నీ చెప్పేశాను.

"మరి ఫ్యాను కింద ఉద్యోగమన్నారు?" అన్నారు నాన్నగారు.

"ఫ్యాను ఉందండీ" అన్నాను. పెద్దమ్మ తలెత్తి వసారా దూలాలు పరీక్షగా చూస్తోంది.

అప్పుడు మామ్మగారు, "ఆ గొడవ తర్వాత. కాళ్ళు కడుక్కో బాబూ, అన్నం పెడతాను" అన్నారు.

నాన్నగారు లేచి నిలబడ్డారు. ఆ ఇంటి పద్ధతి ఏమిటంటే, సంబంధం కుదిరేదాకా పెళ్ళికొడుక్కి ఫలహారమే. అన్నం పెట్టారంటే అల్లుడైపోయినట్టే.

"అన్నమేంటమ్మా! ఇంకా మనం ఏమీ అనుకోలేదుగా!"

"మందేశాను కదరా. పసరు తాగినోడికి నా చేత్తో చప్పిడన్నం పెట్టకుండా పంపితే రేపు నా మందెవరికి పనిచేస్తుంది?"

"రోగమే లేదని తేలిందిగా!"

"రోగం లేని కుర్రాడు దొరికితే ఏడుస్తావేంట్రా? ఇచ్చిన పసరు నోరెత్తకుండా తాగాడు. నువ్వు తాగావా ఎప్పుడైనా?"

నాన్నగారు ఆ ఖాళీ గ్లాసు చేతిలోకి తీసుకుని చూశారు. ఆ చేదు ఆయనకూ తెలిసే ఉంటుంది. చివరికి, "విస్తరెయ్యమ్మా" అన్నారు కూతురితో.

ఆ పూట పెద్దమ్మకు కొరమేను పులుసు. నాకు మామ్మగారు మొదటి ముద్ద పెట్టి వెళ్ళిన చప్పిడి పెరుగన్నం, ఉప్పు కల్లు కూడా వెయ్యకుండా. వడ్డిస్తున్న అమ్మాయి నవ్వు ఆపుకుంటూ, "ఎలా ఉందండీ?" అంది. నాతో ఆమె అన్న మొదటి మాట అది.

"చాలా బాగుందండీ."

"ఇంకొంచెం వెయ్యనా?"

వేయించుకున్నాను.

ఈమధ్య బీపీ అని అదే చెయ్యి నాకు ఉప్పు తగ్గించి వడ్డిస్తోంది. మొదటి ముద్దకే సణగడం మొదలుపెడతాను. ఆనాటి కుర్రాడైతే మళ్ళీ మళ్ళీ వేయించుకుని, విస్తరి ఖాళీ అయితే ఆమె లోపలికి వెళ్ళిపోతుందేమోనని మెతుకు మెతుకూ ఏరుకుని తిన్నాడు.