ఎలుకల సారు చెప్పని మాట

చెరుకు తోటల్లో ఎలుకలను చంపే మందు మీద పనిచేస్తున్నానని ఒకప్పుడు ఊరందరికీ చెప్పుకున్నాను. అది అబద్ధం, దాని వెనక ఒక నిజాన్ని దాచాను. అక్క ఒప్పుకున్నాకే ఇప్పుడిది రాస్తున్నాను.

మొన్న అక్క దుకాణం ఉన్న కంఠేశ్వర్‌లో ఆటో దిగుతుంటే మా బావ వాళ్ల చిన్నాయన ఎదురై "ఏం సారూ, ఎలుకలు సచ్చినయా, ఇంకా ఉన్నయా?" అని నవ్వగానే ఆ రోజులన్నీ కళ్లముందు కదిలాయి.

నిజానికి హైదరాబాదు ప్రయోగశాలలో మేం పెంచినవి తెల్ల చిట్టెలుకలు, వెతికింది ఆడామగా కలయికతో అంటుకునే హెర్పిస్ వైరస్ గుట్టు. ఎంత ఉత్సాహమో! మామూలుగా ఆడ చిట్టెలుకకు అది సులువుగా అంటదు, ముందు హార్మోన్ సూది వేయాలి. ఆ కిటుకు చేతికొచ్చేదాకా ఎన్ని తంటాలో. చివరికి, పుండ్లు మాని హాయిగా తిరిగిన చిట్టెలుక నడుము దగ్గరి నరాల ముడిలో, మేం రంగు వేసి వెతికిన వైరస్ జాడ ఆకుపచ్చ చుక్కలై మెరిసినప్పుడు కుర్చీలోంచి లేచి గంతులేశాను. పైకి ఏమీ లేకున్నా అది లోపల దాగి ఉందన్నమాట! ఆ సంబరాన్ని ఇంటికి తెచ్చుకునే ధైర్యం మాత్రం లేకపోయింది. సుఖరోగం అంటే ఏమనుకుంటారోనని, మా బోధన్ దిక్కు అందరికీ తెలిసిన ఎలుకల బెడదను అడ్డం పెట్టుకున్నాను.

ఆ ఏడే, కమ్మర్‌పల్లిలో ఇచ్చిన మా అక్కకు అదే జబ్బు బయటపడింది. బావ దుబాయి పోయి ఏడాది దాటింది. "మొగడు లేంది రోగమెట్లొచ్చె?" అని ఆమె అత్త పెద్దమనుషులను కూర్చోబెట్టింది, వాళ్లలో ఈ చిన్నాయన ఒకడు. "తమ్మీ, సదువుకున్నోనివి, నువ్వన్న చెప్పురా" అంది అక్క. బావ దగ్గర ఎప్పుడో అంటి ఇన్నాళ్లూ దాగి ఉండవచ్చని అక్కడ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నా అబద్ధం బయటపడుతుందని "నాకు ఎలుకల సంగతే తెలుసు" అన్నాను. పెద్దమనుషులు తప్పు అక్కదేనని తేల్చారు. ఆ సాయంత్రమే అక్క బట్టల సంచితో నా పక్కన ఆర్మూరు ఆటో ఎక్కింది, మళ్లీ ఆ గడప తొక్కలేదు.

మొన్న చిన్నాయనను చెయ్యి పట్టుకుని అక్క కుట్టుమిషన్ దుకాణంలోకి తీసుకెళ్లి, చిట్టెలుకల కథంతా పాత ఉత్సాహంతోనే చెప్పాను. జాకెట్లకు వచ్చిన కాలేజీ పిల్లలు సిగ్గుపడకుండా విన్నారు, ప్రశ్నలు కూడా అడిగారు. ఒకప్పుడు నా గొంతుకు అడ్డుపడిన మాట వాళ్లకు మామూలు మాటైపోయింది. చిన్నాయన నవ్వు ఆగిపోయింది. అక్క మిషన్ ఆపింది.

"గిదంతా నీకు గప్పుడే ఎరుకా తమ్మీ?"

"ఎరుకే అక్కా. తప్పు నీది కాదు, నాది. గా రోజు గందరి ముందు అనాల్సింది, ఇయ్యాల చిన్నాయన ముందు అంటున్న. నన్ను మన్నించు."