యూసుఫ్ భాయ్ సీసా

అది 1984. అమీర్‌పేటలో బల్కంపేట వెళ్లే దారి మొదట్లో నాది రెండు గదుల క్లినిక్. ముందు గదిలో రోగులకు బెంచీ, వెనక గదిలో నేను, నా బల్ల మీద ఒక స్పిరిట్ దీపం. తెనాలి నుంచి వచ్చి మూడేళ్లయింది. జలుబుకు సూది వేయకపోతే "ఈయనకేం రాదు" అని పక్క వీధి డాక్టరు దగ్గరికి వెళ్లిపోయే జనంతో, సూది అక్కర్లేదని వాదించి వాదించి గొంతు పోగొట్టుకునేవాణ్ణి. అలాంటి నాకు సూదంటే పారిపోయే మనిషి ఒక్కడు దొరికాడు. ఆయనే యూసుఫ్ భాయ్.

మా క్లినిక్‌కి నాలుగు దుకాణాల అవతల ఆయన టైలర్ షాపు. యాభై దాటిన మనిషి. చుట్టుపక్కల ఆఫీసర్ల సఫారీ సూట్లన్నీ ఆయన కుట్టినవే. ఆయనకు షుగర్ ఉందని కనిపెట్టి మాత్రలు రాసింది నేనే. ఇంట్లో వేలు గుచ్చి చూసుకునే మిషన్లు అప్పట్లో మా పేషెంట్లెవరికీ లేవు. రోగి పొద్దున్నే సీసాలో మూత్రం పట్టి తెస్తే, నీలంగా ఉండే బెనెడిక్ట్ సొల్యూషన్‌లో ఎనిమిది చుక్కలు వేసి దీపం మీద మరిగించేవాణ్ణి. నీలంగానే ఉండిపోతే చక్కెర లేనట్టు. ఆకుపచ్చకు తిరిగితే కొంచెం, పసుపైతే ఇంకొంచెం, ఇటుక రంగుకు వస్తే బాగా ఎక్కువ.

పదిహేను రోజులకోసారి యూసుఫ్ భాయ్ సీసా తెచ్చేవాడు. ప్రతిసారీ నీలమే. నా వైద్యానికి నేనే మురిసిపోయేవాణ్ణి.

ఆ వానాకాలం ఆయన కుడికాలి బొటనవేలికి పుండు పడింది. కుట్టుమిషన్ తొక్కే కాలు అది. షుగర్ అదుపులో ఉంటే త్వరగానే మానాల్సిన పుండు నెలన్నరైనా మానలేదు. కట్లు మార్చాను, మందులు మార్చాను, చెప్పులు మార్పించాను. చివరికి సొల్యూషన్ పాడైందేమోనని ఉన్నదంతా పారబోసి కొత్తది తెప్పించాను. అయినా నీలమే. వేలి కొస మాత్రం నల్లబడటం మొదలైంది.

"రక్తపరీక్షకు వెళ్లమని మూడుసార్లు చీటీ రాశాను. ఏంటి మీ ఉద్దేశం, యూసుఫ్ భాయ్? ఇది వేలితో ఆగదు, పాదం దాకా వస్తుంది. అప్పుడు మిషన్ ఎవరు తొక్కుతారు?"

"పోత సాబ్. శ్రావణం పెండ్లిళ్లు గదా, జర తీరిక లేదు. అయినా నా సీసా సాఫ్ ఉన్నది గదా, ఫికర్ ఎందుకు?"

"సూదికి భయమా?"

"పొద్దంత సూదితోనే బతికెటోన్ని, సూదికి భయపడ్తనా?" అని నవ్వాడు. నవ్వాడే గానీ, నా బల్ల మీది సిరంజి డబ్బా వైపు కన్నెత్తి చూడలేదు.

ఆ తర్వాతి సోమవారం ఆయన తెచ్చిన సీసాను ఎదురుగానే మరిగించాను. చూస్తుండగానే ఆకుపచ్చయింది, పసుపయింది, చివరికి ఇటుక రంగు తేలింది. నిజం చెప్పొద్దూ, నాకు సంతోషం వేసింది. పుండు మానకపోవడానికి కారణం దొరికింది కదా.

"ఇక మాత్రలు చాలవు. ఈ రోజు నుంచే ఇన్సులిన్ సూది" అన్నాను, కొంచెం కసిగానే.

ఆయన ముఖాన కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. "ఎర్రగయిందంటే చక్కెర మస్తు ఉన్నట్టేనా సాబ్? పక్కానా?"

"కళ్లముందే కనబడుతోంది కదా."

ఆయన లేచి, చెప్పులైనా తొడుక్కోకుండా కుంటుకుంటూ బయటికి వెళ్లిపోయాడు. ఆ పుండుతో, వట్టి కాళ్లతో. సూదికి జడిసి పారిపోయాడని నాకు ఒళ్లు మండిపోయింది.

పది నిమిషాల్లో తిరిగొచ్చాడు. తన షాపులో కాజాలు, గుండీలు కుట్టే నర్సింహను చెయ్యి పట్టి లాక్కొచ్చాడు. నర్సింహకు నలభై ఉంటాయి, చువ్వలా సన్నటి మనిషి.

"సాబ్, ముందుగాల ఈన్ని చూడుండ్రి. గా సీసా నాది కాదు. మీరు గోలీలు రాసినప్పటి సంది ఈనిదే."

"అంటే ఇన్నాళ్లూ నేను మరిగించింది ఇతనిదా?" అన్నాను.

"సీసా ఎర్రగయితే సూదే అని మీరు మొదలే చెప్పిండ్రు. గందుకే రోజు చాయ్ తాపిస్తనని ఈన్ని ఒప్పించిన. ఈనికి ఏ బీమారీ లేదనుకున్న. ఇప్పుడు ఈనికి సుత వచ్చిందంటే నోరు మూస్కొని ఎట్ల కూసుంట? నాకు ఎన్ని సూదులన్న ఏయుండ్రి. ఈన్ని జర చూడుండ్రి."

"నాకేమైంది సార్?" అన్నాడు నర్సింహ అయోమయంగా. "ఈ నడుమ ఆకలి మస్తయితుంది గంతే. తిన్నదంత యాడ పోతుందో తెల్వది."

"చాయ్‌లో చక్కెర ఎన్ని చెంచాలు?"

"నాలుగు. భాయ్‌కి చక్కెర బందు గదా సార్, ఆయన చాయ్ సుత నేనే తాగుతున్న."

కోపం రావాల్సిన చోట నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. కళ్లెదుట కుళ్లుతున్న వేలిని కాదని నెలన్నర పాటు సీసాను నమ్మింది నేనే కదా. అంత పిరికివాడూ తోటివాడి కోసం పది నిమిషాల్లో భయాన్ని దిగమింగి వచ్చేశాడు.

ఇద్దరినీ ఆటో ఎక్కించి పంజగుట్టలో ల్యాబ్‌కు నేనే తీసుకెళ్లాను. యూసుఫ్ భాయ్ కళ్లు గట్టిగా మూసుకుని, నర్సింహ భుజం పట్టుకుని రక్తం ఇచ్చాడు. ఇద్దరికీ షుగర్ తేలింది. నర్సింహకు మాత్రలు, చప్పటి చాయ్ సరిపోయాయి. యూసుఫ్ భాయ్‌ని సర్జన్‌కు చూపిస్తే వేలి కొస తీసేశారు, పాదం నిలబడింది. ఇన్సులిన్ రోజూ ఎవరు వేయాలన్నదే సమస్య. "నేనేస్త సార్" అన్నాడు నర్సింహ. గాజు సిరంజి మరిగించడం, మందు కొలవడం వారంలో నేర్చుకున్నాడు. కాజాలు కుట్టిన చెయ్యి కదా, నాకంటే నొప్పి లేకుండా వేసేవాడు.

దీపావళి నాటికి మిషన్ చప్పుడు మళ్లీ వినిపించింది. నాకొక సఫారీ కుడతానని యూసుఫ్ భాయ్ పిలిచాడు. నడుముకు టేపు చుట్టి, పాత కొలతల పుస్తకం తిరగేసి, కళ్లద్దాల పైనుంచి నన్ను చూశాడు.

"సాబ్, పోయినసారికి ఇప్పటికి నడుము మూడు ఇంచులు పెరిగింది. మీ సీసా ఎన్నడన్న మరిగించిండ్రా?"

ఊరందరికీ చెప్పాను గానీ, నాది నేనెప్పుడూ చూసుకోలేదు. మర్నాడు పొద్దున నా చుక్కలు నేనే దీపం మీద పెట్టాను. ఆకుపచ్చకు తిరిగాయి.

సీసా ఒకటి చెప్పి మనిషి ఒళ్లు ఇంకొకటి చెబితే, ఒంటినే నమ్మాలని ఆ కేసు నాకు నేర్పింది. జబ్బు రాకముందే చూసుకోవడం డాక్టరుకూ వర్తిస్తుందని నేర్పింది మాత్రం ఆ టేపు. మర్నాటి నుంచి పొద్దున్నే మేం ముగ్గురం పంజగుట్ట దాకా నడక మొదలుపెట్టాం. నేను ఆయాసపడుతూ వెనక, నర్సింహ నడుమ. వేలి కొస లేని ఆ కాలితో అందరికంటే ముందు యూసుఫ్ భాయ్.