బజారు బంద్ నాడు పాండవుల గుట్టలకు

అడవిలో ఒక్క రాత్రి పడుకోవాలన్న కోరిక నాకు ఎప్పుడు పుట్టిందో చెప్పలేను గానీ, అది అంత తేలిగ్గా తీరదని మాత్రం పెళ్లయిన ఏడాదికే అర్థమైంది. జనగామ బజారులో మాది కిరాణా హోల్‌సేల్ దుకాణం. మా ఆయన రాత్రి పూట ఊరు దాటాలంటే చుట్టాల ఇంట్లో పెళ్లన్నా కావాలి, చావన్నా కావాలి. మూడో కారణం లేదు. ఈసారి నేను మొండికేశాను. అమావాస్యకు హమాలీలు రారు, బజారంతా బంద్, ఆ రోజే వెళ్దామన్నాను. అమావాస్య నాడు ప్రయాణమేందని మా అత్తమ్మ సణిగింది. "చీకటుంటేనే గద అత్తమ్మా చుక్కలు కనిపించేది" అని సర్దిచెప్పాను. చిన్నప్పుడు డాబా మీద పడుకుని చూసిన ఆకాశం మా వీధి లైట్ల వెలుగులో ఎన్నడో మాయమైంది. దాన్ని ఒక్కసారి కడుపునిండా చూడాలి, అంతే.

చలికాలం చివరి రోజులు. పొద్దున ఆరింటికి జనగామలో హనుమకొండ బస్సెక్కాం. అక్కడ ఇడ్లీలు తిని భూపాలపల్లి బస్సు పట్టుకుంటే, పరకాల మీదుగా రేగొండ గంటన్నర దూరం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం, ఆయనకేమో పైసలు పడ్డాయి. దారంతా దాని మీదే ఏడిపించాను. రేగొండ నుంచి పాండవుల గుట్టల దాకా ఆటోకు మూడు వందలు అడిగితే, మా ఆయన బేరమాడి రెండు వందల యాభైకి ఒప్పించారు. గుట్ట కింద డేరాలో రాత్రి ఉండాలంటే మాత్రం అటవీశాఖ వాళ్లకు ముందే ఫోన్ చేసి అనుమతి తీసుకోవాలి. మేం వారం ముందే మాట్లాడుకున్నాం.

మాకు దారి చూపించడానికీ, వండిపెట్టడానికీ వచ్చిన బాలు అన్న దగ్గర్లోని తండా మనిషి. ఫోన్‌లో ఇంటివాళ్లతో లంబాడీ భాషలో గలగలా మాట్లాడి, మా వైపు తిరిగి "రాత్రికి కోడి కొయ్యాల్నా అక్కా?" అన్నాడు. మేం మాంసం ముట్టం అని చెబితే ముఖం చిన్నబోయింది.

"గింత దూరం అడివికొచ్చి పప్పు తింటరా? సరే తీ, మీ ఇష్టం."

నడక మొదలుపెట్టేసరికి పదకొండు దాటింది. ఎండ ఉన్నా గాలి చల్లగానే ఉంది. రాతి బండలు పొరలు పొరలుగా లేచి, కొన్నిచోట్ల పైకప్పులా ముందుకు వంగి ఉంటాయి. వాటి కింద ఎప్పటి మనుషులో ఎర్రరంగుతో గీసిన బొమ్మలున్నాయి. ఒక బండ అంచుకు పెద్ద తేనెతుట్టెలు వేలాడుతుంటే, బాలు అన్న మాట్లాడొద్దని సైగ చేశాడు. సెంటు పూసుకుని రావద్దని అటవీశాఖ వాళ్లు ఫోన్‌లోనే చెప్పింది ఇందుకేనట. కొండముచ్చులు కొమ్మల మీంచి మమ్మల్ని తీరిగ్గా చూశాయి. ఇంకాస్త పైన తవ్వేసిన చెదపుట్ట చూపించి, రాత్రి ఎలుగుబంటి వచ్చిపోయిందన్నాడు. అప్పటిదాకా వెనకాల వస్తున్న మా ఆయన మెల్లగా మా ఇద్దరి మధ్యకు చేరారు.

మూడింటికి అనుకుంటాను, రెండు బండల మధ్య సందులోకి దూరాం. మనిషి పక్కకు తిరిగితే తప్ప పట్టడు. మా ఆయన దూరగానే రాతికి ఏదో తగిలి గలగలమంది.

"ఏందది సేటూ, గజ్జెలు కట్టుకొచ్చినవా? ఉన్న జంతువులన్ని ఉరుకుతయ్!" అని బాలు అన్న నవ్వాడు.

మా ఆయన నవ్వలేదు. నడుము తడుముకున్నారు. దుకాణం తాళాలగుత్తి! పొద్దుగూకే వేళ దుకాణం తెరిచి గల్లాపెట్టె ముందు దీపం పెట్టడం మా మామగారి నాటి నుంచి ఉన్న పద్ధతి. బంద్ రోజైనా సరే తప్పదు. కరోనా రోజుల్లో కూడా మా ఆయన సగం షట్టర్ లేపి దీపం పెట్టి వచ్చేవారు. ఈ పూట మిర్చి కొనడానికి మహబూబాబాద్ వెళ్లిన మా మరిది సాయంత్రానికి తిరిగొచ్చి పెట్టాలి. తాళాలు ఇంట్లో పెట్టి రావలసిన మనిషి, రోజూ దుకాణానికి బయల్దేరినట్టే మొలకు కట్టుకుని వచ్చేశారు.

"పద్మా, పోదాం పా. ఇప్పుడు దిగి కారు మాట్లాడుకుంటే దీపం యాళ్లకు చేరుతం. అమావాస్య నాడు గల్లా చీకట్ల ఉంటదా?"

నాకు ఒళ్లు మండింది. "ఇన్నేండ్లకు ఒక్క రాత్రి అడిగిన. గది సుత మీ గల్లాకే కావాల్నా?" అన్నాను. కళ్లు తుడుచుకుని అటు తిరిగాను. ఆయన సిగ్నల్ అందుతుందన్న బండ మీదికి ఫోన్ పట్టుకుని ఎక్కారు. ఇక అయిపోయిందనుకున్నాను.

"వంట వద్దు అన్నా, ఆటోను పిలువు" అన్నాను బాలు అన్నతో.

"జర ఆగు అక్కా. సేటును రానియ్."

కాసేపటికి చెమటలు తుడుచుకుంటూ దిగారు. "ఆటో వద్దు. షట్టర్ బయటనే, గడప మీద దీపం పెట్టుమని తమ్మునికి చెప్పిన."

"బజార్ల చూసినోళ్లు ఏమనుకుంటరు?"

"సేటు పెండ్లాం మాట విన్నడనుకుంటరు. అనుకోనీ!"

ఏడుస్తూనే నవ్వేశాను. బాలు అన్న అయితే "గిట్లుండాలె సేటూ!" అని ఆయన వీపు మీద ఒక్కటి చరిచాడు.

సాయంత్రం డేరా ముందు మంట వేసి, బాలు అన్న జొన్నరొట్టెలు, టమాట పప్పు చేశాడు. నేను నాలుగు రొట్టెలు తిన్నాను, ఇంట్లో రెండో దానికే చాలంటాను. కాళ్లు పీకుతుంటే, చుక్కలు బాగా వచ్చేదాకా ఒరుగుతాను, లేపండి అని డేరాలోకి వెళ్లాను. కళ్లు తెరిచేసరికి నెమళ్లు అరుస్తున్నాయి. ఎండ వచ్చేసింది.

బయటికి ఉరికితే, మా ఆయన శాలువా కప్పుకుని బూడిద పక్కన కూర్చున్నారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"లేపలేదేంది నన్ను?"

"రెండు సార్లు లేపిన. ఇయ్యాల బజారు బంద్ అని అటు తిరిగి పన్నవ్."

తల బాదుకున్నాను. ఆయన మాత్రం పక్కకు జరిగి చోటిచ్చి, చెప్పడం మొదలుపెట్టారు. ఏ బండ వెనక నుంచి ఏ చుక్క లేచిందో, పాలు ఒలికిపోయినట్టు నడి ఆకాశంలో ఏం కనిపించిందో, పొదల్లో ఏదో బరువుగా ఊపిరి తీస్తే తనూ బాలు అన్నా ఎట్లా బిగుసుకుపోయారో. చెయ్యెత్తి చూపిస్తూ చెబుతున్నారు, పైన చూస్తే ఉత్త ఎండ. టీ తాగేటప్పుడూ అదే, రేగొండ దాకా ఆటోలోనూ అదే.

చుక్కలు చూడలేదన్న బాధ నాకుంది, అబద్ధమెందుకు. కానీ మా ఇంట్లో మాటంటే సరుకు వచ్చిందా, అన్నమైందా, అంతే. ఈ మనిషి నాతో ఇంతసేపు, దుకాణం ఊసెత్తకుండా మాట్లాడటం పెళ్లయ్యాక ఇదే మొదటిసారి. హనుమకొండ బస్సులో ఇక చాలన్నట్టు ఆగిపోతే, పాల సంగతి ఇంకోసారి చెప్పమని నేనే అడిగాను. మీరు వెళ్తే మాత్రం మధ్యాహ్నం ఎక్కడో ఒక బండ నీడన గంటసేపు కునుకు తీయండి. రాత్రి మెలకువగా ఉండి ఇద్దరూ కలిసి చూడండి.