మూడో పిలుపు

వామన్‌రావుగారికి ఉన్నది ఒకటే అలవాటు. ఎవరినైనా సరే మూడుసార్లు పిలవందే వదిలేవారు కాదు. మనిషి ఊళ్లో లేకపోయినా మూడుసార్లే, ఎదురుగా నిలబడి "ఏంది సాబ్?" అంటున్నా మూడుసార్లే. అబిడ్స్‌లో ఇరానీ హోటలుకు వెళితే, సర్వరు మొదటి పిలుపుకే పరుగెత్తుకొచ్చి బల్ల తుడుస్తూ నిలబడేవాడు. ఈయన వాడి మొహంలోకి చూస్తూనే రెండోసారి పిలిచేవారు. గడియారం చూసుకుని మూడోసారి పిలిచేవారు. అప్పుడు గాని "రెండు చాయ్" అనే మాట బయటికి వచ్చేది కాదు. ఆ హోటల్లో సర్వర్లు తరచూ మారుతుండేవారు. కారణం ఇదేనని నేను అనను, కాదని ప్రమాణమూ చెయ్యలేను.

ఈ జబ్బు ఆయనకు కత్తి వల్ల వచ్చింది. నాంపల్లి స్టేషనుకు కాస్త ఇవతల, ఒక పాత హాల్లో ఫెన్సింగ్ క్లబ్బు ఉండేది. నిజాం ఫౌజులో పనిచేసిన దొర ఎవరో ఊరొదిలి పోతూ ఎనిమిది సన్న కత్తులూ, ఆరు ఇనప జాలీ ముసుగులూ, ఒక రూల్సు పుస్తకమూ వదిలిపోయాడట. కత్తుల కొసలకు బొడిపెలు ఉండేవి కాబట్టి వాటితో భయం లేదు. భయమంతా పుస్తకంతోనే. పోటీలో ఆటగాణ్ణి నిమిషానికొకసారి చొప్పున మూడుసార్లు పిలవాలనీ, మూడో పిలుపుకూ పలక్కపోతే ఓడినట్టేననీ అందులో రాసి ఉంది. గన్‌ఫౌండ్రీలో బీమా ఆఫీసు గుమాస్తా అయిన వామన్‌రావుగారు ఆ క్లబ్బుకు సెక్రటరీ. పుస్తకంలో మిగతా రూల్సు ఆయన ఆటలో పాటించేవారు, ఈ ఒక్కదాన్ని బతుకంతా పాటించారు.

నేను ఆయన చేతికి చిక్కింది యాభైఆరులో. ఆ నవంబరులో కర్నూలు నుంచి ఆఫీసు ఫైళ్ళతో పాటు నన్ను కూడా లారీ ఎక్కించి హైదరాబాదులో దింపారు. నాంపల్లిలో ఒక గది దొరికింది గాని, మాట్లాడడానికి మనిషి దొరకలేదు. ఆఫీసులో నన్ను "ఆంధ్రా సార్" అనేవారు. ఆదివారం వస్తే పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా నోరు విప్పే పనే ఉండేది కాదు. అలా ఒక ఆదివారం ఊరికే నడుస్తుంటే, ఒక హాల్లోంచి కేకలు వినిపించాయి.

"వెంకోబరావ్!"

ఒక నిమిషం నిశ్శబ్దం.

"వెంకోబరావ్!"

ఎవరో తప్పిపోయారనుకుని లోపలికి తొంగిచూశాను. ఖాళీ హాలు. నేలమీద సుద్దగీతలు. తెల్ల కాన్వాసు కోటు వేసుకున్న సన్నటి మనిషి చేతిలో జాబితా పట్టుకుని, గోడకేసి చూస్తూ మూడోసారి పిలిచాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"మీరు వెంకోబరావు తరఫు నుంచి వచ్చిన్రా?"

"కాదండీ. ఊరికే ఇలా పోతూ..."

"మంచిగయింది. మీరు మెంబర్. పేరు చెప్పుండ్రి."

"రాధాకృష్ణమూర్తి."

"గంత పేరు మూడుసార్లు పిలవాలంటె పొద్దు గూకుతది. మూర్తి సాబ్ అని రాస్తున్న."

అలా ఆ రోజు జరుగుతున్న వార్షిక పోటీలో నేను ఆటగాణ్ణయ్యాను. బోర్డు మీద నాతో కలిపి పదహారు పేర్లున్నాయి. వచ్చిన వాళ్ళు ఇద్దరు. ఒకడు అబిడ్స్‌లో బట్టల దుకాణం పెట్టుకున్న బాలకిషన్, రెండోవాణ్ణి నేను. మిగతా పద్నాలుగు మంది ఏరీ అని అడిగాను.

"రాష్ట్రం మూడు ముక్కలయింది గద. వెంకోబరావు గులబర్గాకు పోయిండు. దిగంబర్‌రావును ఔరంగాబాదుకు ఏసిన్రు. ఇగ అందరు గట్లనే తలో దిక్కు పోయిన్రు."

"మరి పేర్లు కొట్టెయ్యలేదేం?"

ఆయన నన్ను జాలిగా చూశారు. "రావొచ్చు గద మూర్తి సాబ్!"

పేర్లన్నీ ఒక్కొక్కటే పిలిచారు. మనిషికి మూడు పిలుపులు, పిలుపుకు నిమిషం. ఇంతటితో అయిపోతే ఆయన వామన్‌రావు ఎందుకవుతారు? రాని ప్రతివాడికీ ప్రత్యర్థిగా తన పేరే రాసుకున్నారు. వెంకోబరావు పలకలేదు కదా, ఆ వెంటనే "వామన్‌రావ్!" అని తన పేరు తానే పిలుచుకుని, పలక్కుండా నిలబడ్డారు. మూడుసార్లూ అంతే. ఆ తర్వాత వెంకోబరావు గెలిచినట్టూ, తాను ఓడినట్టూ బోర్డు మీద రాశారు.

"ఇద్దరూ రాలేదు కదండీ! అతనెలా గెలిచాడు?"

"ఆయన గులబర్గాల ఉండి పలకలేదు. సెక్రటరీ గీడనే ఉండి పలకలేదు. తప్పెవరిది? సెక్రటరీదే!"

"పోనీ మీరు పలకొచ్చుగా?"

"నాకేడ తీరుతది? పిలిచే పనుంది గద."

నగరంలో ఆయనంత బాగా కత్తి తిప్పేవాడు లేడని బాలకిషన్ చెప్పాడు. అలాంటి మనిషి ఆ ఒక్క పూటలో కత్తి పట్టకుండానే పద్నాలుగుసార్లు ఓడిపోయాడు.

ఇక నా ఆట. హాలు పొడవు చాలదని సుద్దగీతలు వరండాలోకి కూడా లాగి ఉంచారు. బాలకిషన్ కత్తి చాపి ముందుకొస్తుంటే నేను వెనక్కి, ఇంకా వెనక్కి తగ్గాను. హాలు అయిపోయింది, వరండా అయిపోయింది, మెట్లు కూడా అయిపోయాయి. చివరికి రోడ్డు మీద రిక్షా తగిలితే ఆగాను.

"యాడికి పోవాలె సాబ్?" అన్నాడు రిక్షావాడు.

మళ్ళీ ఏడు కూడా అదే రోడ్డు, అదే రిక్షా.

వామన్‌రావుగారి అక్క విద్యావతమ్మగారు హాలు వెనక గదుల్లో ఉండేవారు. తమ్ముడు పదహారు పేర్లు పిలిచేవాడు కాబట్టి ఆమె పదహారుమందికీ పూరీలు చేసేది. తినేది ముగ్గురం. "తినుండ్రి, వెంకోబరావు వంతు గూడ తినుండ్రి," అని విస్తట్లో వేస్తూనే ఉండేది. కత్తి దెబ్బలకు నాకెప్పుడూ ఏమీ కాలేదు గాని, పోటీ మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టాల్సొచ్చేది.

యాభైఎనిమిదిలో నన్ను ఆదిలాబాదుకు బదిలీ చేశారు. అక్కడ అడివీ, చలీ, ఫైళ్ళూ, నేనూ. అక్కడా నేను "ఆంధ్రా సార్" నే. పేరు పెట్టి పిలిచే మనిషి లేక, నా పేరు నాకే పరాయిదైపోయినట్టుండేది. ఆ డిసెంబరులో అబిడ్స్ పోస్టాఫీసు ముద్రతో ఒక కార్డు వచ్చింది.

'మూర్తి సాబ్ గారికి. మిమ్ములను మూడుసార్లు పిలవడమైనది. మీ ప్రత్యర్థి వామన్‌రావు గైర్హాజరు. మొదటి రౌండు మీరు గెలిచినారు. అక్క చేసిన మీ వంతు పూరీలు బాలకిషన్ తిన్నాడు.'

మొదట పడీపడీ నవ్వాను. తర్వాత మళ్ళీ చదివాను. నేను లేని ఊళ్లో, ఖాళీ హాల్లో, ఒక మనిషి గడియారం చూసుకుంటూ నా పేరు మూడుసార్లు పిలిచాడు. ఆయన పేర్లు ఎందుకు కొట్టెయ్యరో, గోడకేసి చూస్తూ ఎందుకు ఓడిపోతారో నాకప్పుడు తెలిసింది.

మా అటెండరు మల్లయ్య కార్డు చూసి ఆఫీసంతా చాటాడు. "మన సారు కత్తి యుద్ధంల గెల్సిండు!" మరుసటేడు ఇంకో రౌండు గెలిచాను. అరవైలో సెమీఫైనల్ గెలిచాను. ఊళ్లో ఉన్నన్నాళ్ళూ మొదటి రౌండు దాటని వాణ్ణి, ఊరొదిలాక నన్ను ఆపేవాడే లేకుండా పోయాడు. వీధిలో కొంతమంది నాకు దారి కూడా ఇచ్చేవారు.

అరవైఒకటి నవంబరులో వచ్చిన కార్డులో 'డిసెంబరు మొదటి ఆదివారం ఫైనల్, దయచేయగలరు' అని మాత్రమే ఉంది. కింద పెన్సిలుతో వంకర అక్షరాలు: 'తమ్మీ, ఈ హాలు ట్రస్టోళ్ళది. ఈసారి వాళ్ళ మేనేజరు వచ్చి లెక్క పెడ్తడంట. పిలిస్తె అయిదుగురు పలకాలె. లేకుంటె హాలుకు తాళమేసి టైపు నేర్పెటోళ్ళకు ఇస్తరంట. మావాడు నీకు చెప్పడు. నువ్వు రా. విద్యావతక్క.'

సెలవు పెట్టాను. ఆదివారం పొద్దున్నే గౌలిగూడలో బస్సు దిగి తిన్నగా హాలుకు వెళ్ళాను. వరండాలో తెలియని మనుషులు ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఒకాయన బట్టతల, ఒకాయన బాన పొట్ట.

"ఏం పని మీద వచ్చారండీ?" అన్నాను.

"ఫైనల్ ఆడనీకి," అన్నాడు బట్టతలాయన. "నేను వెంకోబరావును. రెండేండ్ల సంది ఫైనల్లనే ఉన్న."

"నువ్వెట్లుంటవోయ్?" అన్నాడు రెండో ఆయన, ఔరంగాబాదు దిగంబర్‌రావు. "ఫైనల్ల ఉన్నది నేను గద!"

నేను నా కార్డు తీశాను. వాళ్ళూ తీశారు. మూడూ ఒకే చేతిరాత, మూడింటికీ కింద ఒకే పెన్సిలు. ముగ్గురం ఒకరి మొహాలొకరం చూసుకుని, కార్డులు మెల్లగా జేబుల్లో పెట్టేసుకున్నాం.

పదకొండింటికి ట్రస్టు మేనేజరు జగన్మోహనరావుగారు కుర్చీలో కూర్చున్నారు. ఒళ్ళో తాళంకప్ప. పిలుపులు మొదలయ్యాయి.

"వెంకోబరావ్!"

"వచ్చిన!"

వామన్‌రావుగారు జాబితాలోంచి తలెత్తి చూశారు. అయినా గడియారం చూసుకుని రెండోసారి పిలిచారు, మూడోసారీ పిలిచారు. వెంకోబరావు మూడుసార్లూ "వచ్చిన" అన్నాడు. దిగంబర్‌రావు, నేను, బాలకిషన్, అందరం తలా మూడుసార్లు పలికాం. మిగతా పేర్లకు ఎప్పటిలాగే గోడే జవాబు.

"నాలుగు," అన్నారు జగన్మోహనరావుగారు. "ఇంకెవరన్న ఉన్నరా?"

చివరి పేరు మిగిలింది.

"వామన్‌రావ్!" అని పిలిచి, అలవాటు కొద్దీ పలక్కుండా నిలబడ్డారాయన. రెండోసారి, మూడోసారి. మేనేజరు తాళంకప్ప పట్టుకుని లేచారు.

లోపల్నుంచి విద్యావతమ్మగారు పూరీల గరిటెతో వచ్చింది. "ఒరే! గంతసేపు పిలుస్తుంటె పలకవేందిరా?"

"నేను సెక్రటరీని అక్కా. నేనే పిలుస్తున్న గద..."

"అందర్ని పిలిచినవ్. నిన్ను పిలిచెటోళ్ళే లేరనుకున్నవా?" అని మావైపు తిరిగింది.

మేం నలుగురం ఒక్క గొంతుతో అరిచాం. "వామన్‌రావ్!" రూలు ప్రకారం నిమిషం ఆగాం. "వామన్‌రావ్!" మళ్ళీ ఆగాం. మూడోసారి అరిచేటప్పటికి ఆయన కళ్ళు తుడుచుకుంటున్నారు.

"వచ్చిన," అన్నారు చిన్నగా.

మేనేజరుగారు తాళంకప్ప జేబులో వేసుకుని, పూరీలు తిని మరీ వెళ్ళారు. ఆ రోజు వామన్‌రావుగారు అయిదేళ్ళ తర్వాత పోటీలో కత్తి పట్టి, మా ముగ్గురితోనూ వరసగా ఫైనల్ ఆడారు. నేను హాలు, వరండా, మెట్లు దాటి రోడ్డు మీద పడ్డాను.

"మల్ల వచ్చిన్రా సాబ్?" అన్నాడు రిక్షావాడు.

ఆదిలాబాదు చేరిన వారానికి కార్డు వచ్చింది. 'మూర్తి సాబ్ గారికి. రూల్సు పుస్తకం మళ్ళీ చూడడమైనది. వామన్‌రావు తన మూడో పిలుపు దాటిన తర్వాత పలికినాడు గనుక ఫైనల్లో ఓడినట్టే. ఈ సంవత్సరం చాంపియన్ మీరే.'

మల్లయ్య ఆఫీసంతా మిఠాయి పంచాడు. గులబర్గాకూ, ఔరంగాబాదుకూ కూడా ఇదే కార్డు వెళ్ళి ఉంటుందని నాకు తెలుసు. తర్వాత ప్రతి డిసెంబరులోనూ మేం కలుసుకున్నాం గాని, ఆ ఏడు గెలిచిందెవరని మాలో ఎవరూ ఎవర్నీ అడగలేదు.